అమ్మకు క్యాన్సర్ అన్నారు... హైదరాబాదా, అడయారా, గుంటూరేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. అమ్మకు 56 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ ఉన్నా నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. మా చెల్లి చూసి గొడవ చేస్తే గుంటూరు తీసుకెళ్లాం. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది (రిపోర్టు ఫొటో పంపుతున్నాను). అక్కడి ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు ప్యాకేజీ చెప్పి, వెంటనే అడ్వాన్సు కట్టమంటున్నారు. మా మేనమామేమో హైదరాబాద్ బసవతారకం ధర్మాసుపత్రి, అంతా ఫ్రీ, అక్కడికే పోదాం అంటాడు. ఫ్రీగా చేసేచోట వైద్యం ఏముంటుంది అని మా బావ. ఒకరు చెన్నై అడయారు అంటారు, ఇంకొకరు బొంబాయి టాటా అంటారు. అసలు ఈ ఆసుపత్రులు ఎవరివి, ఎలా నడుస్తాయి, నిజంగా ఫ్రీయేనా? కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉన్నాయి, ఇప్పుడు రేటు లేదు. అయినా అవి అమ్మేద్దాం, చాలకపోతే అరెకరం తీసేద్దాం అంటున్నాడు నాన్న. అమ్మకు గడ్డ తీసేస్తారని మాత్రమే చెప్పాం. చెల్లికి 31 ఏళ్లు, దానికి కూడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం:

ముందుగా, మిర్చి అమ్మకండి. అరెకరం మాట ఊళ్లో పొక్కనివ్వకండి. ఆసుపత్రి ఖర్చుకని తెలిస్తే కొనేవాడు ఎంతకు దించి అడుగుతాడో మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. అసలు ఖర్చెంతో ఇవాళ ఎవరూ చెప్పలేరు. మీరు పంపిన బయాప్సీ రిపోర్టులో చివరి లైను చూడండి, ఐహెచ్‌సీ (క్యాన్సర్ ఏ రకమో తేల్చే పరీక్ష) చేయించమని రాసి ఉంది. ఆ పరీక్ష రాకముందే ప్యాకేజీ చెప్పినవాళ్లు, శాంపిలు చూడకుండా టిక్కీ రేటు చెప్పిన వ్యాపారి లాంటివాళ్లు. అడ్వాన్సు సంగతి తర్వాత చెబుతామని మర్యాదగా చెప్పి బయటికి రండి. రొమ్ము క్యాన్సర్ గంటల్లో ముంచుకొచ్చే జబ్బు కాదు. అలాగని ఇప్పటికే నాలుగు నెలలు పోయాయి కాబట్టి ఇక ఒక్క వారం కూడా ఊరికే పోనివ్వకూడదు.

ఆ వారంలో మొదటి పని, బయాప్సీ చేసిన ల్యాబుకు వెళ్లి ఒరిజినల్ రిపోర్టు, గాజు స్లైడ్లు, బ్లాకు అడిగి తీసుకోవడం. బ్లాకంటే అమ్మగారి గడ్డలోంచి తీసిన ముక్కను మైనంలో నిలవ చేసిన చిన్న దిమ్మ. అగ్గిపెట్టె కంటే చిన్నదైన ప్లాస్టిక్ గూట్లో ఉంటుంది, దాని అంచున ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని కౌంటరు దగ్గర నిలబడే సరిచూసుకోండి. ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, అది మైనం. ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా మొదట అడిగేది ఇదే. ఇది లేక, ఊరి నుంచి ఇంకొకరు తెచ్చేదాకా లాడ్జిలో అద్దె కట్టుకుంటూ కూర్చున్న కుటుంబాలు ఎన్నో.

ఆ ముక్క మీద చేసే ఐహెచ్‌సీలో ఈఆర్, పీఆర్ అనే రెండు హార్మోను గుర్తులు, హెర్-2 అనే ఒక ప్రోటీను, మొత్తం మూడు చూస్తారు. మొదటి రెండూ పాజిటివ్ అయితే ఏళ్ల తరబడి వేసుకునే హార్మోను మాత్రలు బాగా పనిచేస్తాయి, వాటి ఖర్చు కూడా తక్కువ. హెర్-2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మామూలుగా ఏడాది పాటు ఇస్తారు, బిల్లు బాగా పెరిగేది అక్కడే. మూడూ నెగెటివ్ అయితే భారం ఎక్కువగా కీమో మీద పడుతుంది. ముందు ఆపరేషనా, ముందు కీమోనా అన్నది కూడా గడ్డ సైజుతో పాటు దీన్నిబట్టే తేలుస్తారు.

ఇక మీరడిగిన ఆసుపత్రుల సంగతి. మీ ఇంట్లో వాళ్లు చెప్పిన మూడు పేర్ల వెనకా ఒకే రకం కథ ఉంది. ఇంట్లో ఒక ఆడమనిషిని క్యాన్సర్ తీసుకుపోయింది, మిగిలినవాళ్లు ఊరుకోలేకపోయారు.

టాటా కంపెనీలు పెట్టిన జంషెడ్జీ పెద్ద కొడుకు దొరాబ్జీ టాటా. ఆయన భార్య మెహర్‌బాయి 1931లో బ్లడ్ క్యాన్సర్‌తో పోయారు. విదేశాల్లో వైద్యం చేయించగల ఇల్లు అది, అయినా మనిషి దక్కలేదు. మరుసటి ఏడాది దొరాబ్జీ కూడా కన్నుమూశారు. ఆయన పేరున్న ట్రస్టు 1941 ఫిబ్రవరి 28న బొంబాయి పరేల్‌లో 80 పడకలతో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచింది. 1957లో అది కేంద్ర ఆరోగ్య శాఖకు, 1962లో అణుశక్తి శాఖకు వెళ్లింది. అంటే పేరు టాటాలదే అయినా, అరవై ఏళ్లకు పైగా అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. అణుశక్తి వాళ్లకు ఆసుపత్రితో ఏం పని అని మీ బావగారు అడగొచ్చు. క్యాన్సర్ వైద్యంలో సగం రేడియేషనే కదా, దాని గురించి తెలిసినవాళ్లు వాళ్లే. విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఈ టాటా మెమోరియల్ శాఖే. బొంబాయి పేరెత్తినవాళ్లకు ఇది తెలిసి ఉండదు.

అడయారు కథ నాకు మరీ ఇష్టం. ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన తొలితరం మహిళా డాక్టరు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి, దేవదాసీ వ్యవస్థ మీద పోరాడిన మనిషి. చెల్లెలు క్యాన్సర్‌తో నరకం అనుభవించి పోవడం దగ్గరుండి చూశారు. డాక్టరై ఉండీ ఏమీ చేయలేకపోయారు. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు క్యాన్సర్ ఆసుపత్రి కావాలన్న మాట పట్టుకుని తిరిగారు. క్యాన్సర్‌కు ప్రత్యేకంగా ఆసుపత్రి ఎందుకు, ఎటూ పోయేవాళ్లే కదా అనే రోజులవి. చివరికి 1952లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1954 జూన్‌లో 12 పడకలతో అడయారులో మొదలైంది. ఆమె కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి, మరుసటి ఏడాది చేరిన డాక్టర్ శాంత కలిసి దాన్ని పెంచారు. శాంతగారు ఆసుపత్రి ఆవరణలోనే ఉంటూ, 2021 జనవరిలో 93 ఏళ్ల వయసులో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నారు. మహిళా సంఘం ఒకటి చందాలు పోగేసి మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇప్పటికీ స్వచ్ఛంద సంస్థే.

బసవతారకం సంగతి మన వైపు అందరికీ కొంత తెలిసిందే. ఎన్టీఆర్ భార్య బసవతారకంగారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి. ఆమె పేరు మీద ఫౌండేషన్ పెట్టి ఆసుపత్రి కట్టాలనుకున్నారు, బంజారాహిల్స్‌లో ప్రభుత్వ స్థలం కేటాయించారు. కానీ 1996 జనవరిలో ఆయనే వెళ్లిపోయారు. 2000 జూన్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించే నాటికి ఆయన లేరు. పేరులో ఇండో అమెరికన్ అని ఎందుకుందంటే, అమెరికాలో స్థిరపడిన మన డాక్టర్లు డబ్బు, యంత్రాలు, చదువు తెచ్చి ఇందులో చేతులు కలిపారు. తొలినాళ్ల నుంచి వెనక నిలబడినవారిలో ఒకరైన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు కృష్ణా జిల్లా మంటాడ మనిషే. న్యూయార్క్‌లో రేడియేషన్ వైద్యంలో పేరు తెచ్చుకున్నారు, 2015లో పద్మశ్రీ వచ్చింది.

మరి ఫ్రీయేనా? కాదు. మీ మేనమామగారు బట్టల సంచీ సర్దుకునే ముందు ఈ మాట ఆయన చెవిన వేయండి. లాభాపేక్ష లేని ఆసుపత్రి అంటే, ఏడాది చివర మిగిలిన డబ్బు పంచుకునే ఓనరు ఉండడని అర్థం. మిగిలింది కొత్త యంత్రానికో, కొత్త వార్డుకో, కట్టలేనివాళ్ల బిల్లుకో పోవాలి. డాక్టర్లకు, నర్సులకు జీతాలుంటాయి. మందులు కొనాలి. ఒక్క రేడియేషన్ యంత్రమే కోట్లు. అందుకే ఇలాంటి చోట్ల మామూలుగా జనరల్ వార్డు రేటు వేరు, ప్రైవేటు రూము రేటు వేరు. రూము తీసుకున్నవాళ్లు కట్టే ఎక్కువ డబ్బుతో, దాతలిచ్చిన డబ్బుతో జనరల్ వార్డు నడుస్తుంది. టాటాలో అయితే జనరల్, ప్రైవేటు అని కార్డులే వేరుగా ఉంటాయి, అందులో ముందే డబ్బు వేసుకుంటే ఖర్చయిన కొద్దీ తగ్గుతూ పోతుంది. కార్డు ఏదైనా ఆపరేషన్ థియేటరు, రేడియేషన్ యంత్రం అవే. తేడా మంచంలోనూ ఏసీలోనూ క్యూలోనూ ఉంటుంది. రిజిస్ట్రేషన్ కౌంటరులో 'జనరల్' అని గట్టిగా చెప్పండి. మొహమాటానికి ప్రైవేటు రాయించుకుంటే మధ్యలో మార్చుకోవడం కష్టం.

బావగారి అనుమానానికి జవాబు ఇంకోటి ఉంది. అది ఆయనకు చెప్పడమే కాదు, మీరు మీ సర్జనును అడగాల్సింది కూడా. టాటా మెమోరియల్ వాళ్ల ఆధ్వర్యంలో మన దేశంలోని 11 ఆసుపత్రుల్లో 1,600 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల మీద ఒక పరిశీలన చేశారు. ఆపరేషన్ మొదలుపెట్టడానికి ముందు గడ్డ చుట్టూ లిడోకేయిన్ ఇంజెక్షన్ ఇచ్చి, కొద్ది నిమిషాలు ఆగి, అప్పుడు కత్తి పెట్టారు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు రకమే అది. సగం మందికి ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూశారు. ఇచ్చినవాళ్లలో ఆరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 86.6 శాతం, ఇవ్వనివాళ్లలో 82.6 శాతం. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ మందు ఖర్చు చాలా స్వల్పం. దాని మీద లాభం లేదు కాబట్టి ఏ కంపెనీ కూడా ఇంత పెద్ద పరిశీలనకు డబ్బు పెట్టదు. లాభం చూడని ఆసుపత్రి ఉంటే జరిగేది ఇదే. ఇది ముందు కీమో లేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లేవాళ్ల మీద చేసిన పరిశీలన. మీ అమ్మగారికి ముందు ఆపరేషనే అని తేలితే 'ఆ లోకల్ ఇంజెక్షన్ ఇస్తారా సార్' అని అడగండి. చిన్నబుచ్చుకునే సర్జను ఉండడు.

ఇంతదూరం చెప్పాక, మీరు మర్చిపోయిన ఊరి పేరు ఒకటుంది. గుంటూరు. పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ బ్లాకు 2020 జూలైలో మొదలైంది. కట్టింది దాతృత్వ సంస్థ, నడిపేది ప్రభుత్వం. నాట్కో అంటే క్యాన్సర్ మందుల కంపెనీ, వ్యవస్థాపకులు నన్నపనేని వెంకయ్య చౌదరిగారిది గుంటూరు జిల్లానే. లివరు, కిడ్నీ క్యాన్సర్లలో వాడే ఒక మందు పరదేశీ కంపెనీ నెలకు దాదాపు 2 లక్షల 80 వేలకు అమ్ముతుంటే, అదే మందు 8,880 రూపాయలకు చేసి అమ్ముకోవచ్చని 2012లో నాట్కోకు పేటెంటు ఆఫీసు అనుమతి ఇచ్చింది. దేశంలో అలాంటి కంపల్సరీ లైసెన్సు అదే మొదటిది. మీ అమ్మగారి జబ్బుకు ఆ మందుతో పని లేదు. చేతికందే ధర అన్న మాట మన జిల్లాకు కొత్త కాదని చెప్పడానికి రాశాను. పెద్దాసుపత్రంటే ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తారని తెలుసు. ఒకసారి పొద్దున్నే వెళ్లి ఆంకాలజీ ఓపీలో కూర్చుని చూడండి. రేడియేషన్ యంత్రం ఇప్పుడు నడుస్తోందా, ఎన్నాళ్ల వెయిటింగు, కీమో మందులు స్టాకున్నాయా అని అక్కడ వైద్యం తీసుకుంటున్నవాళ్లనే అడగండి. బోర్డు మీద రాసింది కాక అసలు సంగతి వాళ్లు చెబుతారు. మంగళగిరి ఎయిమ్స్ కూడా ఉంది, 2019 నుంచి ఓపీ నడుస్తోంది. విజయవాడలో ఉండే మీకు అది అన్నిటికంటే దగ్గర.

తుళ్లూరులో బసవతారకం కొత్త క్యాంపస్ వస్తోందిగా, దానికోసం ఆగుదామా అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. 2025 ఆగస్టులో పనులకు భూమిపూజ జరిగిన మాట నిజమే. మీ అమ్మగారు ఆగలేరు.

నా సలహా ఏమిటంటే, వైద్యం ఎలా చేయాలో ఒక్కసారి పెద్ద సంస్థలో రాయించుకోండి, రోజువారీ వైద్యం ఇంటికి దగ్గర్లో చేయించండి. ఎందుకో రేడియేషన్ లెక్క చూస్తే అర్థమవుతుంది. ఆపరేషన్ ఒక్కసారి. కీమో సాధారణంగా 21 రోజులకోసారి, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. రేడియేషన్ మాత్రం వారానికి అయిదు రోజులు, రోజూ వెళ్లాలి. రొమ్ముకైతే ఒకప్పుడు అయిదు వారాలు పట్టేది, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 సిట్టింగులతో సరిపెడుతున్నారు. యంత్రం కింద పడుకునేది పది పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల కోసం హైదరాబాద్‌లో గది, ఇద్దరికి తిండి, ఆటోలు, మీ డ్యూటీ పోవడం. వైద్యం తక్కువ రేటుకు దొరికినా ఈ ఖర్చు దాన్ని మింగేస్తుంది. సగంలో డబ్బులైపోయి ఇంటికొచ్చేసే కుటుంబాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. రేడియేషన్ మధ్యలో ఆపితే అప్పటిదాకా చేయించిన దాని ఫలితం కూడా దెబ్బతింటుంది.

కాబట్టి స్లైడ్లు, బ్లాకు, స్కాన్ సీడీలు పట్టుకుని ఒకసారి హైదరాబాద్ వెళ్లిరండి, బసవతారకమే కానివ్వండి. సర్జను, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కూర్చుని ఒక కేసు చూసే ట్యూమర్ బోర్డు ఇలాంటి ఆసుపత్రుల్లో ఉంటుంది. మా కేసు బోర్డులో పెట్టండని అడిగి, వాళ్లు రాసిన వరస ఫైలులో ఉందో లేదో చూసుకుని రండి. ప్రయాణం కుదరకపోతే టాటా మెమోరియల్‌తో కలిసి పనిచేసే నవ్య అనే ఆన్‌లైన్ సేవ ఉంది. రిపోర్టులు పంపితే నిపుణుల అభిప్రాయం రాసి పంపుతారు. 2012లో టాటా మెమోరియల్ చొరవతో మొదలైన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో ఇప్పుడు 300 పైగా ఆసుపత్రులున్నాయి. ఏ జబ్బుకు ఏ వైద్యం అన్న మార్గదర్శకాలు వాటన్నిటికీ ఉమ్మడివే, మందులు కూడా కలిసి బేరమాడి కొంటున్నారు. అందుకే బొంబాయిలో రాసిన ప్లాను గుంటూరు డాక్టరుకు కొత్త భాషలా ఉండదు.

అక్కడికి వెళ్లినప్పుడు అందరూ వదిలేసే మనిషి ఒకరుంటారు, మెడికల్ సోషల్ వర్కర్. తెల్లకోటు వెనక పరిగెత్తడంలో ఆ గది పక్క నుంచే వెళ్లిపోతారు. తక్కువ అద్దెకు గది ఎక్కడ దొరుకుతుంది, ఏ ట్రస్టు ఏ మందుకు సాయం చేస్తుంది, రైల్వే సర్టిఫికెట్ ఎవరి సంతకంతో ఇస్తారు, అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. పిల్లలకు క్యాన్సర్ వచ్చిన కుటుంబాలు ఇది చదువుతుంటే, వాళ్ల కోసం ఒక మాట. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, వైద్యం జరిగినన్నాళ్లు తల్లిదండ్రులతో సహా ఉచితంగా ఉండనిస్తారు. మీ అమ్మగారికైతే ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీస్తే తర్వాత చెయ్యి వాచే అవకాశం ఉంటుంది. దానికి ఫిజియోథెరపీ వ్యాయామాలు మొదట్లోనే నేర్పించమని అడగండి. మిరప కోతలకు వెళ్లే చెయ్యి అది. ఆ వైపు చేతికి బీపీ పట్టీ కట్టించకుండా, సూది వేయించకుండా చూసుకోవాలని కూడా చెబుతారు.

డబ్బు సంగతి. మీ జీతంలో ఈఎస్‌ఐ కట్ అవుతుందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, నాకు ఆశ్చర్యమేసింది. నెల జీతం 21 వేల లోపు అయితే పే స్లిప్ తీసి చూడండి. కట్ అవుతుంటే, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా మీ కార్డులోకి వస్తారు. అమ్మగారి పేరు, ఫొటో అందులో ఎక్కించారో లేదో రేపే మీ ఆఫీసులో అడగండి. ఆ తర్వాత గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్తే, నిబంధనల ప్రకారం అర్హత ఉంటే, క్యాన్సర్ వైద్యానికి వాళ్ల జాబితాలోని ఆసుపత్రికి రిఫర్ చేస్తారు. రిఫరల్ చేతికి రాకుండా మీరే ముందు చేరి బిల్లు తర్వాత అడుగుదాం అనుకోవద్దు, తిప్పలు పడతారు.

ఈఎస్‌ఐ లేకపోతే ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఆరోగ్యశ్రీ అని అలవాటుగా అనేది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ అందులో ఉన్నాయి. ముందు రైస్ కార్డులో, ఆధార్‌లో అమ్మగారి పేరు, వయసు ఒకేలా ఉన్నాయా చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు ఉండి ఇంకోదాంట్లో లేకపోయినా అనుమతి దగ్గర చిక్కొస్తుంది. సచివాలయంలో ముందే సరిచేయించండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర, అడ్వాన్సు కట్టకముందే కార్డు చూపించాలి. క్యాష్ పేషెంటుగా చేరాక మార్చడం పెద్ద తలనొప్పి. హైదరాబాద్‌లో మన కార్డు చెల్లుతుందా అన్నది ఆసుపత్రిని బట్టి, చేసే వైద్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి 104కు ఫోన్ చేసి, ఆ ఆసుపత్రికీ ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్టు కొనండి. ఈ రెండింటికీ అందని ఖర్చు మిగిలితే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోవచ్చు. దానికి ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేషన్ కాగితం కావాలి.

రైలు టికెట్టు గురించి చాలామందికి తెలియదు. వైద్యానికి, చెకప్‌కు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. పగటి రైళ్లలో సెకండ్ క్లాస్ సీటుకైతే ఇద్దరికీ 75 శాతం. ఆసుపత్రి వాళ్లు రైల్వే నమూనాలో ఇచ్చిన సర్టిఫికెట్ స్టేషన్ కౌంటరులో చూపించాలి. మొదటిసారికి ఎటూ అది ఉండదు, టికెట్టు కొనుక్కునే వెళ్లండి. వచ్చేటప్పుడు రాయించుకుని రండి.

ఈ లెక్కలన్నీ తేలాక ఏమైనా తగ్గితే, అప్పుడు టిక్కీల సంగతి ఆలోచించండి. పొలం దాకా రాకపోవచ్చనే నా నమ్మకం.

అమ్మగారికి చెప్పడం గురించి. చెప్పండి. దాచాలని మీరెంత అనుకున్నా కుదరదు. ఓపీ హాల్లో పక్కన కూర్చున్నావిడ 'నీకెక్కడమ్మా' అని అడిగే మొదటి ప్రశ్నతోనే తెలిసిపోతుంది. జుట్టు ఊడినప్పుడు తెలుస్తుంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆమె. తన ఒంట్లో గడ్డను నాలుగు నెలలు దాచిన మనిషికి అది ఏమై ఉంటుందో అనుమానం రాలేదంటారా? మీరు దాస్తున్నారు, ఆమె తెలియనట్టు ఉంటున్నారు. మగవాళ్లందరూ చుట్టూ చేరి చెప్పొద్దు. మీ చెల్లి వంటింట్లో పని చేసుకుంటూ, 'అమ్మా, అది క్యాన్సర్ గడ్డేనంట, మందుంది, వెళ్దాం' అని చెబితే చాలు. ఆ తర్వాత ఆమె అడిగినదానికల్లా తెలిసినంత చెప్పండి. కత్తి తగిలితే పాకుతుందని ఊళ్లో ఎవరైనా భయపెడితే అది అబద్ధమని డాక్టరు నోటితోనే చెప్పించండి. ఆకుపసరు వాళ్లను గడప తొక్కనివ్వకండి. ఈ ఒక్క విషయంలో మర్యాద చూసుకోనక్కర్లేదు.

ఇక చెల్లి. తల్లికి రొమ్ము క్యాన్సర్ ఉంటే కూతురికి ముప్పు మామూలు వాళ్ల కంటే ఎక్కువే, దాదాపు రెట్టింపు. కానీ రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. 31 ఏళ్లకు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) కోసం పరిగెత్తనక్కర్లేదు. ఏడాదికోసారి డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలి, 40 వచ్చాక మామోగ్రామ్ మొదలుపెట్టాలి. ఈలోపు గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తపు చుక్క, చర్మం సొట్ట పడటం లాంటివి ఏవి కనిపించినా అమ్మలా దాచకుండా ఆ వారంలోనే చూపించుకోమనండి. జన్యు పరీక్ష కావాలా అన్నది అమ్మగారి ఐహెచ్‌సీ వచ్చాక, మీ వంశంలో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉన్నాయా అన్నదాన్నిబట్టి డాక్టరు చెబుతారు. మూడూ నెగెటివ్ అని వస్తే మాత్రం మీరే గుర్తుచేసి అడగండి. ఆ పరీక్షకు ముందు రక్తం ఇవ్వాల్సింది అమ్మగారు. ఆమెలో తేడా దొరికితేనే చెల్లికి చేయించాలి.